అజరయ్య బిషప్పుగారు

సికింద్రాబాదునుండి బెజవాడకు పోవు త్రోవలోనున్న దోర్నకల్లు, మా అమీర్‌పేట, పంజాగుట్ట బాలురలో ననేకులకు రైలుజంక్షనుగా మాత్రమే తెలియును. ఆ యూర సమాధియైయున్న యొక మహనీయుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీని తిరునెల్వేలి సీమలో, ఒక గ్రామగురువునకు కుమారుడుగా జన్మించిరి. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి, పట్టము పుచ్చుకొనకయే క్రైస్తవ యువజన సమాజమున కార్యదర్శిగా పనిచేసిరి. 1903లో స్థాపింపబడిన తిరునెల్వేలి భారతీయ మిషనెరీ సంఘమునకు వీరే ముఖ్యకారకులు. ఆ సంఘము నైజాము రాజ్యములోని దోర్నకల్లునకు పనివారిని బంపెను. ఇతరులను బంపుటతో తృప్తినొందక, 1909లో వీరు తామే యచ్చటికి వచ్చి, తెనుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవినొందిన ప్రథమ భారతీయులు వీరే.

అప్పుడు వీరి యెదుట నొక కఠినమైన ప్రశ్న నిలిచెను. క్రొత్తగా విశ్వసించినవారిలో ననేకులు ఊరి వెలుపల నుంచబడిన మాలమాదిగ కూలీలు, అక్షరజ్ఞానము లేనివారు. వారి సంఘములను నడపువా రెవరు? దొరలును దొరల ధనమును ఎల్లకాలము నడపవలెనా? కూలివాని కుమారుడే తన సంఘమునకు కాపరి కావలెనని అజరయ్యగారు నిశ్చయించిరి.

అందుకై దోర్నకల్లున ఉపదేశులను సిద్ధపరచు పాఠశాల నడపబడెను. ఉపదేశితోబాటు అతని భార్యయు అచ్చట చదువుకొనవలెను. ఏలయన ఇల్లు చక్కబడనివాడు సంఘమును చక్కబెట్టజాలడు. బోధన తెనుగుననే జరిగెను. ఇంగ్లీషు రాకున్నను, పల్లెలలో చిరకాలము నమ్మకముగా పనిచేసి సాక్ష్యము పొందిన ఉపదేశులను మరల పిలిపించి, నేర్పి, గురుపట్టమిచ్చిరి. కాపరి జీవనమునకు సంఘమే తోడ్పడవలెనని బోధించిరి; పేద స్త్రీలు సయితము వంటకు ముందు పిడికెడు బియ్యము తీసియుంచిరి. 1935 నాటికి ఆ మండలమున రమారమి 250 మంది భారతీయ గురువులుండిరి.

ఇంతటి పనిలో ఐక్యతను మరువలేదు. 1919లో తరంగంబాడి సభనాటినుండి దక్షిణదేశపు సంఘముల కలయికకై పాటుపడిరి. 1939 జనవరి 6వ తేదీని దోర్నకల్లు దేవాలయము ప్రతిష్ఠింపబడెను. 1945 జనవరి 1వ తేదీని వీరు ప్రభువునందు నిద్రించిరి; 1947 సెప్టెంబరు 27వ తేదీని దక్షిణ ఇండియా సంఘ మేర్పడుట చూడకయే పోయిరి. అయినను కాపరి పోయినప్పుడు మంద చెదరలేదు. తమ స్థానమున నిలువగలవారిని వీరు ముందుగనే పెంచియుండిరి.

బాలబాలికలారా, తల్లిదండ్రులారా, పెద్దరికము పీఠమున గూర్చుండుట కాదు, తరువాతివానిని సిద్ధపరచుట. తరగతిలో వెనుకబడిన తోటివానికి పాఠము నేర్పు బాలుడు ఆ పని నిప్పుడే మొదలిడినవాడని మేము తలచుచున్నాము.