ఉగాదినాడు పుట్టిన సంపాదకుడు: చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి

ఉగాది వచ్చిందంటే మన చంద్రపూరులో ఒకే ప్రొద్దున రెండు పండుగలు జరుగుతవి. పొరుగువారి ఇంటిమీద గుఢీ లేస్తుంది. మన ఇంట వేపపూవు పచ్చడి కలుస్తుంది. చైత్రం సగమయ్యేసరికి మహాకాళీ జాతరకు దారులన్నీ నిండుతవి. బొగ్గుగనులకని, బల్లార్పూరు కాగితపు మిల్లుకని, రైల్వే కొలువులకని, వ్యాపారానికని వచ్చి, ఒకప్పటి చాందా అయిన ఈ ఊర స్థిరపడినవారము మనము. పిల్లలు మరాఠీలో చదువుతున్నారు, తెలుగులో అలుగుతున్నారు. అయినా ఏటేటా ఒక ప్రశ్న మిగిలే ఉంటున్నది. ఈ ఊరికి మనమేమవుతాము? అద్దెకున్నవారమా, ఇంటివారమా?

ఈ ప్రశ్నకు మాటలతో కాక బ్రతుకుతో సమాధానం చెప్పిన తెలుగువారొకరున్నారు. ఆయన పుట్టినదికూడా ఉగాదినాడే. అందుచేత ఈ సంచికలో ఆయనను స్మరించుకొనుట సముచితము.

శ్రీ చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణిగారు విక్రమనామ సంవత్సర ఉగాదినాడు, అనగా 1880 ఏప్రిల్ 10వ తేదీన, విజయనగరంలో జన్మించారు. తండ్రి రామసోమయాజులుగారు వేదవిద్యాపరులు. చదువు ఆ ఊరి మహారాజావారి కళాశాలలో సాగినది. ఆ ఇంటి పిల్లవాడు వేదం వల్లించవలసినవాడే. కాని మనస్సు వార్తాపత్రికలమీదకు పోయినది.

పద్దెనిమిదవ యేట ఆయన విశాఖపట్నంలోని వైజాగ్ స్పెక్టేటర్ అనే ఇంగ్లీషు పత్రికకు సంపాదకుడైనారు. జీతం నెలకు 30 రూపాయలు. కొద్దికాలానికే ఆ పత్రికను 300 రూపాయలకు తామే కొని, ఇండియన్ హెరాల్డ్ అని పేరు మార్చి, విజయనగరానికి తరలించారు. వార్తలు సేకరించేదీ తామే, ప్రూఫులు దిద్దేదీ తామే, లెక్కలు చూచేదీ తామే. అంత కష్టపడినా పత్రిక రెండేండ్లకంటె నిలువలేదు. పుట్టిన ఊళ్ళో పత్రిక నిలుపుకోలేకపోయిన యువకుడు ఉపాధి వెదుకుకొంటూ మదరాసు చేరినారు.

మదరాసులో ఆయనకు దొరికిన గురువు సామాన్యుడు కాదు. హిందూ పత్రిక స్థాపకులలో ఒకరైన జి. సుబ్రహ్మణ్య అయ్యరుగారు, వితంతువైన తమ కుమార్తెకు లోకనిందను లెక్కచేయక పునర్వివాహం జరిపించిన ధీరులు, అప్పుడు మదరాసు స్టాండర్డ్ నడుపుతున్నారు. చింతామణిగారు ఆ కార్యాలయంలో పని నేర్చుకొన్నారు. స్త్రీవిద్య, బాల్యవివాహాలు, వితంతువుల దుస్థితి, కులభేదాలు మొదలైన విషయాలమీద దేశంలోని పెద్దల వ్యాసాలను, ఉపన్యాసాలను కూర్చి, 1901లో సంఘసంస్కరణమును గురించి ఒక పెద్ద ఇంగ్లీషు గ్రంథం ప్రకటించారు. అప్పటికాయనకు ఇరవైయొక్క ఏండ్లు. దేశస్వాతంత్ర్యంతోబాటు ఇంటిలోని అన్యాయంకూడా పత్రికలవారి పనే అని ఆ వయస్సులోనే ఆయన గ్రహించారు.

1903లో ఆయన జీవితం మలుపు తిరిగింది. సచ్చిదానంద సిన్హాగారి ఇండియన్ పీపుల్ అనే వారపత్రికలో పనిచేయటానికి అలహాబాదు వెళ్ళారు. నేటి ప్రయాగరాజ్ అదే. భాష వేరు, తిండి వేరు, చలి వేరు, చుట్టరికం లేదు. చాలామంది ప్రవాసాంధ్రులు ఇట్టి చోట నాలుగు రాళ్ళు వెనుక వేసుకొని సొంతవూరికి పోవాలని రోజులు లెక్కపెడతారు. చింతామణిగారు అట్లా చేయలేదు. ఆ ఊరి సమస్యలనే తమ పాఠ్యగ్రంథంగా పెట్టుకొన్నారు.

1909 అక్టోబరు 24న పండిత మదనమోహన మాలవీయగారి పూనికతో లీడర్ అనే దినపత్రిక అలహాబాదులో వెలువడినది. మోతీలాల్ నెహ్రూగారు డైరెక్టర్ల సంఘానికి మొదటి అధ్యక్షులు. నగేంద్రనాథ గుప్తగారు, చింతామణిగారు జంట సంపాదకులు. ఇండియన్ పీపుల్ దానిలో విలీనమైనది. అనతికాలంలో సంపాదకత్వభారమంతా చింతామణిగారిమీదనే పడినది. లీడర్ చింతామణిది, చింతామణి లీడర్‌వాడు అనే స్థితి వచ్చినది.

అదే అలహాబాదులో అంతకు ముందు నలభై ఏండ్లకు పైగా పయనీర్ అనే తెల్లవారి పత్రిక పాతుకొని ఉన్నది. సర్కారు గొంతు దానిది. రడ్యార్డు కిప్లింగు ఒకప్పుడు దానిలో ఉద్యోగి. దానికి ఎదురుగా జనుల పక్షాన నిలిచే దినపత్రిక నడపాలంటే ఆవేశం ఒక్కటే చాలదు. చింతామణిగారి ఆయుధాలు వేరు. ప్రభుత్వ నివేదికలు, ఆదాయవ్యయ పట్టికలు, శాసనసభ చర్చలు ఆయన అక్షరాక్షరం చదివేవారు. జ్ఞాపకశక్తి అసాధారణము. ఏ యేట ఏ పద్దుక్రింద ఎంత ఖర్చయినదో, ఏ అధికారి ఏ మాట ఇచ్చి తప్పినాడో, కాగితం చూడకుండా చెప్పగలిగేవారని ప్రసిద్ధి. దూషణకు బదులు చెప్పటం అధికారులకు సులభం. వారి లెక్కలే వారి ముందర పెడితే బదులు చెప్పటం కష్టం. ఆయన సంపాదకత్వ రహస్యం ఇంతే.

ఆనాటి అన్యాయాలలో మన తెలుగువారికి బాగా తగిలినది ఒప్పందకూలీ పద్ధతి. బొంకుమాటలు నమ్మి, వేలిముద్రవేసి, మదరాసు రేవునుండి నేటాలుకు, ఫిజీకి ఓడలెక్కిన తెలుగు కూలీలు వేలమంది. కలకత్తా రేవునుండి పోయినవారిలో సంయుక్తరాష్ట్రాల, బీహారు పల్లెలవారే ఎక్కువ. ఆ పద్ధతిని ఎదిరించిన పత్రికలలో లీడర్ ఒకటి. 1916 మార్చిలో మాలవీయగారు దానిని రద్దుచేయవలెనని కేంద్ర శాసనసభలో తీర్మానం ప్రవేశపెట్టారు. 1917లో కూలీల ఎగుమతి ఆగిపోయింది. వేరు భాషల పేదలకు ఒకటే సంకెల అని, ఉత్తరాది ఊళ్ళో కూర్చున్న తెలుగు సంపాదకునికి వేరే చెప్పవలసిన పని లేదు.

ఆయన మితవాది. గోఖలేగారి దారివాడు. సర్కారును నిశితంగా విమర్శించవచ్చును గాని, శాసనబద్ధమైన త్రోవ విడువరాదని నమ్మినవాడు. ఈ నమ్మికకు ఆయన మూల్యం చెల్లించారు. లీడర్ మెతకదనం నచ్చక మోతీలాల్‌గారు 1919 ఫిబ్రవరిలో ఇండిపెండెంట్ అనే వేరు పత్రిక పెట్టారు. 1920 డిసెంబరులో, మనకు కూతవేటు దూరంలోని నాగపూరులో జరిగిన కాంగ్రెసు మహాసభ సహాయనిరాకరణను ఖాయపరచినది. అదే నెలలో మదరాసులో మితవాదుల మహాసభకు చింతామణిగారు అధ్యక్షులు. దేశమంతా ఒకవైపు పరుగెత్తుతుంటే ఆయన రెండవవైపు నిలిచారు. జనం చప్పట్లు పోయినవి. అయినా తాము నమ్మని మాట పత్రికలో వ్రాయలేదు.

1921లో ద్వంద్వ ప్రభుత్వంలో ఆయన సంయుక్తరాష్ట్రాలకు విద్యా పరిశ్రమల మంత్రి అయినారు. ఆ రాష్ట్రపు హైస్కూలు, ఇంటర్మీడియెట్ పరీక్షల బోర్డు ఆ యేటి చట్టంతో ఏర్పడినదే. నేటికిని లక్షలాది పిల్లలు దాని పరీక్షలు వ్రాస్తున్నారు. కాని 1923లో గవర్నరుతో పొసగక ఆయనా, సహచరమంత్రి జగత్ నారాయణగారూ రాజీనామా ఇచ్చారు. బాధ్యత మంత్రిది, అధికారం గవర్నరుది అయిన చోట కుర్చీ పట్టుకొని వ్రేలాడటం ఆయనకు చేతకాలేదు. తిరిగి పత్రికకే వచ్చారు. శాసనసభలో ప్రతిపక్షాన నిలిచి, మరునాటి పత్రికలో అదే పోరు కొనసాగించారు. 1930లో లండను రౌండుటేబులు సమావేశానికి పోయి వచ్చారు.

ఆయన లోపం చెప్పక విడువరాదు. లీడర్ ఇంగ్లీషు పత్రిక. ఎవరి కష్టాలు వ్రాసినారో ఆ రైతుకూలీలు దానిని చదువలేరు. ప్రజలు తమంత తామే కదలగలరని మితవాదులు ఆలస్యంగా గాని గుర్తించలేదు. అప్పటికి కాలం వారిని దాటిపోయినది. కాని కాలం కొట్టివేసినది వారి రాజకీయాన్ని మాత్రమే. సరిచూచి వ్రాయుట, నదరుకు బెదరకుండుట, అమ్ముడుపోకుండుట అనే పత్రికాధర్మాన్ని కాదు.

పుట్టిన గడ్డను ఆయన మరువలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేసిన ఉపన్యాసాలు 1857 తరువాతి భారత రాజకీయ చరిత్రగా 1937లో గ్రంథరూపం దాల్చినవి. 1941 జూలై 1వ తేదీన ఆయన కన్నుమూశారు. ఆయన వేసిన దారి మూతపడలేదు. 1938లో లక్నోలో వెలసిన నేషనల్ హెరాల్డుకు మొదటి సంపాదకుడు మన కోటంరాజు రామారావుగారు. తరువాత దానిని ఏండ్ల తరబడి నడిపినవారు మన మానికొండ చలపతిరావుగారు. గంగ ఒడ్డున తెలుగు సంపాదకుడు వింత కాకుండా పోయినాడు.

ఇక మన మాట. చంద్రపూరు గాలిలో బొగ్గుదుమ్ము తెలుగువాని ఊపిరితిత్తులనీ, మరాఠీవాని ఊపిరితిత్తులనీ విడదీయదు. కుళాయిలో నీళ్ళు రాని వీధిలో రెండు భాషలవారూ బిందెలతో నిలబడుతున్నారు. మన సంఘం నాటకాలు వేస్తున్నది, పంచాంగశ్రవణం జరుపుతున్నది, చాలా మంచిది. కాని ఈ ఊరి గనికార్మికుని గురించి, ఈ ఊరి బడి గురించి, ఈ ఊరి ఆసుపత్రి గురించి లెక్క సరిచూచి ఇక్కడి పత్రికకు ఒక లేఖ వ్రాసినవారు మనలో ఎందరు? మరాఠీ చక్కగా వచ్చిన మన యువకులకు ఇది అసాధ్యం కాదు. కూడు పెట్టిన ఊరి కష్టం తన కష్టమని ఎంచినవాడే ఆ ఊరి ఇంటివాడు. విజయనగరం బిడ్డను ప్రయాగవారు తమవానిగా స్వీకరించినది అందువల్లనే.

ఈ నూతన సంవత్సరంలో మన పిల్లలలో ఒక్కరైనా ఆ కలం అందుకొందురు గాక. పాఠక మహాశయులకు ఉగాది శుభాకాంక్షలు.