వంటవాడి మాట, డాక్టరు మందు

అమ్మమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరుగారి తమిళాన్ని తెలుగులో చెప్పే పని నాదే. అందుకేనేమో ఆల్బర్ట్ ష్వైట్జర్ జీవితంలో నాకు జోసెఫ్ బాగా నచ్చాడు.

ష్వైట్జర్ 1875లో అల్సాస్‌లో పుట్టారు. ఆర్గన్ వాద్యంలో, క్రైస్తవ మతశాస్త్రంలో పేరు సంపాదించి కూడా 30 ఏళ్ళప్పుడు వైద్యం చదవడం మొదలుపెట్టారు. 1913లో భార్య హెలెన్‌తో కలిసి ఆఫ్రికాలో గబాన్‌కి, ఒగోవే నది ఒడ్డున లాంబరేనే ఊరికి వెళ్ళారు. మందుల డబ్బు తనే పోగుచేసుకున్నారు. మొదట వైద్యం చేసింది పాత కోళ్ళ షెడ్డులో!

రోగుల భాషలు ఆయనకి రావు. జోసెఫ్ అంతకుముందు వంటవాడు, ఫ్రెంచి వచ్చు. ఒంట్లో భాగాలకి మాంసం కొట్టు పేర్లే వాడేవాడట. తొడ నొప్పి అంటే మేకతొడ నొప్పి అన్నమాట. నాకు నవ్వొచ్చింది. కానీ ఆ మాటతోనే మందు రోగికి చేరింది.

బంధువులూ రోగుల దగ్గరే ఉండి వండుకునేవారు, మన పెద్దాసుపత్రిలోలాగే.

1917లో, యుద్ధం నడుస్తుండగా, జర్మన్ పౌరుడని ఆయన్ని ఫ్రాన్స్‌కి ఖైదీగా తీసుకెళ్ళారు. 1924లో తిరిగొచ్చి, పాడుబడ్డ ఆస్పత్రిని మళ్ళీ కట్టారు. 1952 నోబెల్ శాంతి బహుమతి డబ్బు కుష్ఠురోగుల ఇళ్ళకి ఖర్చుపెట్టారు.

ఆఫ్రికా వాళ్ళకి తాను పెద్దన్ననని అనుకునేవారు. అది నాకు గుచ్చుకుంటుంది. జోసెఫ్ లేకపోతే ఆ పెద్దన్న ఎవరితో మాట్లాడేవారు?

1965లో లాంబరేనేలోనే కన్నుమూశారు. సమాధి కూడా అక్కడే.