సురవరము ప్రతాపరెడ్డిగారు: వృత్తిత్యాగము, పత్రికావ్యాసంగము

తంగిడి వద్ద భీమానదిని తనలో కలుపుకొను కృష్ణ మక్తలు సీమకు దక్షిణముగా ప్రవహించును. నదికి ఆవల, తుంగభద్రకు ఈవల నున్న భూభాగమును జనులు నడిగడ్డ యందురు. ఈ ప్రాంతమున తెలుగుతోబాటు కన్నడము వినవచ్చును. నిజాము పాలనలో కచ్చేరీల యందు ఉర్దూయే రాజ్యమేలెను. అర్జీ వ్రాయుటకు గాని, తీర్పు చదువుకొనుటకు గాని రైతు ఇంకొకరి నాశ్రయింపవలసినదే. ఇంట మాటాడు తెలుగునకు కాగితముపై చోటు దాదాపు లేకుండెను. ప్రతాపరెడ్డిగారు రాబడి గల వృత్తిని ఏల పక్కకు బెట్టిరో గ్రహించుటకు ఈ స్థితిని ముందుగా ఎఱుగవలెను.

వారు 1896 మే 28న బోరవెల్లిలో జన్మించిరి. స్వగ్రామము ఇటిక్యాలపాడు. ఈ రెండును నడిగడ్డలోనివే. నాడు ఆ ప్రాంతము రాయచూరు జిల్లాలో చేరియుండెను. 1956లో గాని గద్వాల, అలంపురము తాలూకాలు పాలమూరు జిల్లాలో కలియలేదు. పొరుగుననున్న గద్వాల సంస్థానము పండితపోషణచే విద్వద్గద్వాల యని పేరుగాంచినది. కృష్ణకు ఉత్తరమున మక్తలునకు చేరువనున్న ఆత్మకూరు సంస్థానమునను కవిపండితులకు ఆదరము కలదు. అట్టి గాలి సోకిన నేలపై పుట్టిన బాలునకు సంస్కృతాంధ్రములపై ప్రీతి గలుగుట వింత గాదు. కర్నూలున వెల్లాల శంకరశాస్త్రిగారి సన్నిధిని సంస్కృతము చదివిరి. పిదప హైదరాబాదు నిజాము కళాశాలలో ఎఫ్.ఏ., మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ., తిరువాన్కూరున బి.ఎల్. ముగించిరి. ఉర్దూ, పారసీకము, ఆంగ్లము వారికి కరతలామలకములు.

న్యాయవాదిపట్టాయు, ఇన్ని భాషలును గల యువకునకు నిజాము రాష్ట్రమున జీవనమునకు కొదువ యెక్కడిది? సర్కారు కొలువులో చేరవచ్చును. వకాల్తా సాగించినచో భూతగాదాలే చాలినంత రాబడి తెచ్చియిచ్చును. కన్నవారు కోరునదియు, బంధువులు మెచ్చునదియు అట్టి జీవనమే గదా. ప్రతాపరెడ్డిగారును కొంతకాలము న్యాయవాదవృత్తి నడపిరి. కాని అది వారి మనస్సును పూర్తిగా పట్టలేదు. 1924లో హైదరాబాదు నగర కొత్వాలు రాజబహదూరు వేంకటరామారెడ్డిగారి కోరికపై రెడ్డి వసతిగృహపు కార్యదర్శిత్వమును స్వీకరించిరి. 1918లో వెలసిన ఆ సంస్థ పల్లెల నుండి చదువునకై వచ్చు బాలురకు నీడనిచ్చినది. దాని గ్రంథాలయమును పెంచుటలో వారి శ్రద్ధ మెండు. అదియును గౌరవప్రదమైన పదవియే. అంతటితో తృప్తి చెంది యున్నచో వారి పేరు నేడు ఎందరకు తెలియును?

1926 మే 10న గోలకొండపత్రిక వెలువడెను. వారానికి రెండుమారులు వచ్చు పత్రిక యది. ప్రతాపరెడ్డిగారికి అప్పటికి దాదాపు ముప్పది యేండ్లు. అంతకు ముందు నిజాము రాష్ట్రమున తెలుగు పత్రికలు లేకపోలేదు. 1922లో నల్లగొండ నుండి నీలగిరి, ఇనుగుర్తి నుండి తెనుగు వెలువడినవి గాని, రెండును దీర్ఘకాలము నిలువలేదు. చదువరులు కొలది, చందాదారులు అంతకంటె కొలది, సర్కారు చూపు సదా అనుమానపు చూపే. ముందు నడచినవారి పాట్లు కన్నులార చూచియు ఆ దారినే పట్టుట సాహసమే. న్యాయవాదికి కక్షిదారు తానై వచ్చును. తెలుగుపత్రికకు చదువరిని వెదకి తెచ్చుకొనవలెను, ఒక్కొక్కతఱి తయారుచేసికొనవలెను.

ఒక సంగతి విస్మరింపరాదు. ఈ పత్రిక కేవలము ఒక వ్యక్తి సొంత సొమ్ముతో నడచినది కాదు. వేంకటరామారెడ్డిగారి ప్రోత్సాహమును, సంపన్నుల సాహాయ్యమును దానికి ఊతమైనవి. దాతలను నొప్పింపక, ప్రభుత్వమునకు లొంగక, రైతు గోడు వ్రాయుట కత్తిమీది నడక. ఉద్యోగము విడిచినవాడు ఎవరికిని లోబడనక్కఱలేదని తలచుట పొరపాటు. యజమానులు మారుదురు, అంతే. అయినను ఆ యిరుకులోనే వారు రెండు దశాబ్దములకు మించి పత్రికను నిలిపిరి. వ్యాసములు చాలనప్పుడు మారుపేర్లతో తామే వ్రాసి పుటలు నింపిరి. 1947లో అది దినపత్రిక యయ్యెను.

వారి సంపాదకత్వమున అన్నిటికంటె చెప్పుకొనదగినది గోలకొండ కవుల సంచిక. తెలంగాణమున తెలుగు కవులే లేరని ఒకానొకరు వ్రాయగా ఇచటి విద్వాంసుల మనస్సు గాయపడినది. ఖండనవ్యాసము వ్రాసి ఊరకుండుట సులభము. ప్రతాపరెడ్డిగారు వాదము మాని లెక్క చూపిరి. పల్లెపల్లె నుండి కవుల పద్యములను, జీవితవిశేషములను సేకరించి 354 మంది కవులతో 1934లో సంచికను ప్రకటించిరి. ఇందు సంస్థానకవులు కలరు, గ్రామములందు పేరు లేక పడియున్నవారును కలరు. కవితాగుణమున అందఱును సమానులని ఎవ్వరును అనజాలరు. కొన్ని పద్యములు సామాన్యములే. కాని సంచిక పరమార్థము గుణనిర్ణయము కాదు, ఉనికినిర్ణయము. తాటాకులలోను, చిత్తుకాగితములలోను నశింపనున్న పేరులకు అచ్చున స్థానము దొరకెను. పత్రికయే లేనిచో, ఆ పత్రిక వెనుక న్యాయస్థానమునకు పోవలసిన తొందర లేని సంపాదకుడు లేనిచో, ఈ పని జరుగునది కాదు.

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కారసభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా సభికులు అపహసించిరి. ఆ యవమానము నుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. దాని పరిణామమైన ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటలో మొదటిసారి సమావేశమైనప్పుడు అధ్యక్షపీఠము ప్రతాపరెడ్డిగారికి దక్కెను.

రామాయణవిశేషములు, హిందువుల పండుగలు మున్నగు గ్రంథములును వారు రచించిరి. రామాయణమును చరిత్రదృష్టితో పరిశీలించిన తీరు సంప్రదాయజ్ఞులకు అన్నిచోట్ల రుచింపదు. రుచింపవలెనను నిర్బంధమును లేదు. కాని 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర విషయమున రెండవ మాటకు తావు లేదు. రాజుల యుద్ధములను వంశావళులను పక్కకు నెట్టి, ప్రజలు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ వేల్పులను కొలిచిరి అని వెదకిన గ్రంథమది. తూర్పు చాళుక్యుల కాలము మొదలు 1907 వరకు సాగును. పాలకురికి సోమనాథుని కృతులు, క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, హంసవింశతి వంటి కావ్యములే అందు సాక్షులు. అలంకారములకొఱకు చదువు పద్యములను సాక్ష్యముగా ప్రశ్నించుట న్యాయశాస్త్రము చదివినవాని యలవాటేమో! విడిచిన విద్య ఊరక పోలేదు. నిఘంటుకారులు ఒక యాటపేరు రాగా క్రీడావిశేషమని, పిట్టపేరు రాగా పక్షివిశేషమని వ్రాసి చేయి దులుపుకొనుట వారికి సహింపరానిదయ్యెను. అట్టి మాటలు పల్లెలలో ఇంకను బ్రదికియుండుట నడిగడ్డలో పెరిగినవానికి తెలియును.

1952 ఎన్నికలలో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఆ పదవిలో ఏడాదిన్నరయైనను నిండకమునుపే, 1953 ఆగస్టు 25న పరమపదించిరి. అప్పటికి వయస్సు ఏబదియేడు. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తొలిసారి పురస్కారములను ప్రకటించినప్పుడు తెలుగున ఆ గౌరవము ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించెను. దానిని అందుకొనుటకు రచయిత లేరు.