అబుల్ ఖాసిం జహ్రావీ – దాచకుండా రాసిన జర్రాహ్

మన ఆలూర్, ఆర్మూర్ వైపు పసుపు తవ్వే రోజుల్లో కాలికి ముల్లో, కొయ్యో గుచ్చుకోవడం మామూలే. ఇంత పసుపు అద్ది మళ్ళీ పనిలోకి దిగుతాం. చాలా గాయాలు అట్లనే మానిపోతాయి. కాని ఒక్కోసారి చర్మం కింద కుళ్ళు పుట్టి గంటగంటకూ పైకి పాకుతుంది. అట్లాంటి కుళ్ళుతో వెయ్యేండ్ల కిందట పోరాడిన ఒక మహనీయుని గురించి మన పిల్లలు తెలుసుకోవాలి.

అబుల్ ఖాసిం జహ్రావీ సుమారు 936లో అందలుస్, అంటే నేటి స్పెయిన్ దేశంలో, కుర్తుబా నగరం దగ్గరి మదీనతుజ్జహ్రాలో జన్మించారు. ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరయింది. దాదాపు 50 ఏండ్ల వైద్యానుభవాన్ని అత్తస్రీఫ్ అనే గ్రంథంగా 30 భాగాల్లో రాసి, 1000వ సంవత్సర ప్రాంతంలో పూర్తి చేశారు. చివరి భాగం పూర్తిగా జర్రాహీ, అనగా శస్త్రచికిత్స గురించే. అందులో సుమారు 200 పనిముట్ల బొమ్మలున్నవి.

కాలుచేతులు కుళ్ళి, మందులకు లొంగక కుళ్ళు పైకి పాకుతుంటే, అది చేరినంత మేర కోసివేయాలని ఆయన నేర్పారు. మోకాలు గాని, మోచేయి గాని దాటితే ఇక ఉపాయం లేదని కూడా రాశారు.

ఇక్కడ ఒక సంగతి వినండి. ఒకాయన పాదం నల్లబడి నిప్పుపెట్టినట్టు మండుతుంటే తానే పాదాన్ని కోసుకుని బతికాడు. చాన్నాళ్ళకు అదే రోగం చూపుడువేలికి వచ్చింది. జహ్రావీ దగ్గరికి వచ్చి చెయ్యి తీసేయమని బతిమాలాడు. మనిషి నీరసించి ఉన్నాడు, కోస్తే ప్రాణం పోతుందేమోనని జహ్రావీ భయపడి మందులతోనే చూశారు. కుళ్ళు ఆగలేదు. రోగి ఆశ వదులుకొని తన ఊరికి పోయి, చెయ్యి కోసేసుకుని బాగుపడ్డాడు. అంత పేరున్న హకీం ఈ సంగతిని దాచలేదు, తరువాతివారికి పనికొస్తుందని పుస్తకంలోనే రాశారు. పేరు కన్నా రోగి ప్రాణం గొప్పదనుకున్న మనిషి ఆయన.

మదీనతుజ్జహ్రా 1010లో అంతర్యుద్ధంలో ధ్వంసమైంది. 1013 ప్రాంతంలో జహ్రావీ కన్నుమూశారు. పుస్తకం మాత్రం నిలిచింది. 12వ శతాబ్దంలో జెరార్డ్ అనే పండితుడు జర్రాహీ భాగాన్ని లాటిన్‌లోకి మార్చగా, ఐరోపా వైద్యులు కొన్ని వందల ఏండ్లు దాన్ని చదువుకున్నారు.

నేడు మత్తుమందు, యాంటీబయాటిక్స్, రక్తం ఎక్కించే వసతి ఉన్నవి. అయినా చచ్చిన కండలోకి రక్తం పోదు, రక్తం పోనిచోటికి మందూ పోదు. అందుకే సర్జన్లు ఆలస్యం చేయక, చర్మం తెరిచి, చచ్చిన భాగమంతా తీసేస్తారు. మర్నాడు మళ్ళీ చూసి, మిగిలి ఉంటే మళ్ళీ తీస్తారు. తొందరగా పోతే చాలాసార్లు కాలూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.

కనుక గాయాన్ని సబ్బునీళ్ళతో కడగండి. గాయం చిన్నదై నొప్పి విపరీతంగా ఉన్నా, జ్వరంతో వాపు పాకుతున్నా, చర్మం నల్లబడినా, బొబ్బలెక్కినా తెల్లారేదాకా ఆగకండి, దవాఖానకు పోండి. షుగర్ ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్త. డాక్టరు కోయాలంటే భయం సహజమే. జహ్రావీ అంతటివారే భయపడ్డారు. కాని కుళ్ళు మన భయం తీరేదాకా ఆగదు.