థామస్ ఆల్వా ఎడిసన్ మహాశయుడును రక్షకతంతువును

విద్యుద్దీపమును లోకమున వాడుకకు దెచ్చిన మహనీయు డెవరని యడిగినచో చిన్నతరగతి బాలుడైనను ఎడిసన్ పేరు చెప్పగలడు. కాని యా దీపమును మన గృహములందు నిర్భయముగా వెలుగనిచ్చుచున్న చిన్నవస్తు వొకటి కలదు. అది వెలుగదు, శబ్దము చేయదు, తన పని నెరవేర్చిన క్షణముననే నశించును. అదియే ఫ్యూజు తీగ. దానిని విద్యుద్దీప వ్యవస్థలో నొక యంగముగా జేసిన ఖ్యాతియు నెడిసన్ మహాశయునిదే. ఆయన జీవితము నీ దృష్టితో నొకసారి పరిశీలింతము.

ఎడిసన్ 1847వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి మిలాన్ అను పట్టణమున జన్మించెను. బాల్యమున పాఠశాలకు బోయినది మిక్కిలి స్వల్పకాలము. పూర్వము ఉపాధ్యాయినిగా నుండిన తల్లియే యింట విద్య గఱపెను. పండ్రెండేండ్ల ప్రాయమున పోర్ట్ హ్యూరన్, డెట్రాయిట్ పట్టణముల నడుమ నడచు రైలులో వార్తాపత్రికలు, మిఠాయిలు అమ్ముచు, సామానుల పెట్టెలో నొక మూల రసాయన ప్రయోగశాల నేర్పఱచుకొనెను. ఒకనాడు రైలు కుదుపునకు భాస్వరపు కడ్డీ క్రింద బడి మండెను. బోగీకి నిప్పంటుకొనెను. రైలు అధికారి మంటల నార్పి, కోపముతో బాలుని సీసాలను పరికరములను తదుపరి స్టేషనులో బయటికి విసరివేసెను. ఒక చిన్నకడ్డీ చేసిన తప్పునకు ప్రయోగశాల యంతయు బోయెను. స్వల్పదోషము మహానష్టముగా నెట్లు వ్యాపించునో ఆ బాలుడు పసితనముననే చూచెను.

1862లో నొక స్టేషను మాస్టరుగారి బిడ్డను రైలుపెట్టె క్రింద బడకుండ రక్షించినందుకు బ్రతిఫలముగా, ఆ తండ్రి యాతనికి తంతివిద్య నేర్పెను. అది మొదలు విద్యుచ్ఛక్తియే యాతని జీవితమయ్యెను. 1876లో మెన్లో పార్కునందు పరిశోధనాలయమును స్థాపించి, మఱుసటి యేటనే ఫోనోగ్రాఫు యంత్రమును నిర్మించెను. అంతకు పూర్వమే పలువురు విద్యుద్దీపమునకై శ్రమించి యుండిరి. 1879 అక్టోబరు మాసమున ఎడిసన్ బొగ్గుగా మార్చిన నూలుదారముతో దీపమును పెక్కు గంటలు వెలిగించి, ఆ యేటి కడపటి రాత్రి ప్రజలకు బ్రదర్శించెను.

దీప మొకటి వెలిగిన జాలదు, నగరమంతయు వెలుగవలెను. దీపములను గొలుసువలె నొకదాని వెంట నొకటి కట్టినచో ఒకటి చెడిన తక్కినవియు నారిపోవును. కావున ఎడిసన్ వానిని నిచ్చెనమెట్లవలె రెండు తీగల నడుమ వేర్వేఱుగా నమర్చెను. ఇందువలన నెవరి దీపమును వారు స్వేచ్ఛగా వెలిగించుకొనవచ్చును. కాని యీ సౌకర్యముతోడనే యొక ప్రమాదము వచ్చెను. ఆ రెండు తీగలు ఎచ్చటనైన నొండొంటిని తాకినచో, దీపముల గుండ పోవలసిన ప్రవాహము అడ్డులేని యా దగ్గరిదారిని బడి వరదవలె పరుగెత్తును. ప్రవాహము రెండింతలైన తీగలో బుట్టు వేడిమి నాలుగింతలు, పదింతలైన నూఱింతలు. క్షణములో తీగ యెఱ్ఱబాఱి గోడకు, కలపకు నిప్పంటుకొనును.

దీనికి విరుగుడుగా ఎడిసన్ యోచించిన యుపాయము మిక్కిలి సరళమైనది. ప్రతి శాఖయందును బుద్ధిపూర్వకముగా నొక బలహీనమైన తునకను ఉంచుట! సాధారణ ప్రవాహమును అది సులభముగా మోయును. మితిమీఱిన ప్రవాహము వచ్చిన, తక్కిన తీగలు వేడెక్కుటకు ముందే యది కరగి తెగి, ఆ శాఖను వేఱుచేయును. కరగిన లోహపు బొట్లు తివాచీలమీదను సామగ్రిమీదను పడకుండ దానిచుట్టు విద్యుత్తు ప్రవహింపని తొడుగును గూడ గల్పించెను. ఈ రక్షకవాహకమునకు 1880 మే 4వ తేదీన అమెరికా ప్రభుత్వము 2,27,226 సంఖ్యగల పేటెంటు నొసంగెను. తంతివార్తా యంత్రములను పిడుగునుండి కాపాడుటకై సన్నని తీగను వాడుట అంతకు పూర్వమే కలదు; దీపములకు దానిని నిత్యరక్షగా జేసినది ఎడిసన్.

ఆ కాలముననే వాండర్‌బిల్ట్ అను కోటీశ్వరుని నూతనభవనమున దీపము లమర్చిరి. చిత్రశాల గోడలకు లోహపు జరీపోగులుగల పట్టుగుడ్డ కప్పబడియుండెను. రెండు తీగలు ఆ జరీని తాకగా అది యెఱ్ఱబాఱి గోడ కమర నారంభించెను. అచ్చటనే యున్న ఎడిసన్ కారణమును గ్రహించి, క్రిందికి బరుగెత్తి యంత్రము నాపుమని మనుష్యుల నాజ్ఞాపించెను. ప్రవాహ మాగగానే నిప్పు చల్లారెను. కాని యింటి యిల్లాలు మిక్కిలి భయపడి, నేలమాళిగలో బాయిలరు కూడ గలదని తెలిసికొని, ఆ యింట గాపుర ముండనొల్లదయ్యెను. అమర్చిన దంతయు దీసివేయవలసివచ్చెను. ఆపుటకు మనుష్యుడు పరుగెత్తవలసిన యేర్పాటు చాలదు. దోషమున్న చోటనే కావలి యుండవలెనని యిట్టి యనుభవములు స్థిరపఱచెను.

1882 సెప్టెంబరు 4వ తేదీ మధ్యాహ్నము మూడు గంటలకు న్యూయార్కు నగరములో పెరల్ వీధి విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించెను. ఆ దినమున వెలిగినవి సుమారు 400 దీపములు. రెండేండ్లలో 508 మంది వినియోగదారులు, 10,164 దీపము లయ్యెను. తీగలన్నియు వీధులక్రింద బూడ్చబడెను. అవి కలియు పెట్టెలందును, ఇండ్లకు బోవు శాఖలందును రక్షకతంతువు లుంచబడెను.

ఇచ్చట నొక సూక్ష్మము కలదు. ఒక గదిలో దోషము కలిగిన ఆ గది తంతువు కరగవలెనేగాని వీధి తంతువు కరగరాదు. పెద్దది ముందు కరగినచో ఒకరి తప్పునకు వీధివారంద ఱంధకారమున మునుగుదురు. కావున దోషమునకు సమీపమున నున్న చిన్నతంతువు ముందుగా తెగునట్లు, దాని వెనుక నున్న పెద్దది యోర్పుతో వేచియుండునట్లు పరిమాణములను గుదుర్పవలెను. పరిమాణమేగాక కాలముగూడ ముఖ్యము. చిన్నతంతువు పూర్తిగా తెగి ప్రవాహ మాగుటకు బట్టు కాలము, పెద్దది కరగ నారంభించు కాలములో నూటికి డెబ్బదియైదు పాళ్లకు మించకుండుట ఇంజనీర్లు పాటించు నియమము. ఈ పొందికయే ఫ్యూజుల సమన్వయము. దోషములు లేని వ్యవస్థ లోకమున లేదు. దోషమును పుట్టినచోటనే బంధించునదియే నమ్మదగిన వ్యవస్థ.

ఎడిసన్‌గారు తప్పు లెఱుగనివారు కారు. దూరప్రాంతములకు సులభముగా బోగల ఏకాంతర విద్యుత్తును ఆయన తీవ్రముగా నెదిరించి, ఆ వాదమున నోడిపోయెను. అయినను గెలిచిన యా పద్ధతియు ఆయన తంతువును విడువలేదు. స్తంభములమీది తీగలకు చెట్టుకొమ్మ తగులుట వంటి దోషములలో నధికభాగము క్షణికములు. అందుచే ప్రవాహము నొకక్షణ మాపి తిరిగి తానే కలుపు యంత్రములను తరువాతివారు నిర్మించిరి. కొమ్మ తొలగిన దీపములు మరల వెలుగును. దోషము తొలగనిచో శాఖాతంతువు కరగి ఆ యొక్క కొమ్మనే వేఱుచేయును. నేడు ఇండ్లలో ఫ్యూజు తీగకు మాఱుగా తనంతట దానే పడిపోవు మీటలు విరివిగా వచ్చినవి, ధర్మము మాత్రమొక్కటియే.

విద్యార్థులారా, ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని విసుగుచెంది కొందఱు దాని స్థానమున లావుపాటి రాగితీగను బిగింతురు. తమ తెలివికి దామే మెచ్చుకొందురు. అది కావలివాని నిద్రపుచ్చుట వంటిది. తరువాత దోషము వచ్చినపుడు ఫ్యూజు నిలుచును, గోడలోని తీగ కాలును. తంతువు తెగుట చెడుగు కాదు. చెడుగును దెలుపు వార్త. కారణమును వెదకి సవరించిన పిమ్మటనే, తగిన పరిమాణముగల తీగను, తెలిసినవారిచేత వేయింపవలెను.

ఎడిసన్ మహాశయుడు అమెరికాలో 1,093 పేటెంట్లను సంపాదించి, 1931 అక్టోబరు 18వ తేదీన, ఎనుబదినాలుగవ యేట పరమపదించెను. ఆయన గౌరవార్థము దేశమంతట విద్యుత్తు నొకనిమిషము నిలుపవలెనని యోచన కలిగెను. కాని అట్లు నిలిపినచో ఎందఱి ప్రాణములకో ముప్పు కలుగునని తెలిసి, ఆ యోచన మానుకొనిరి. అక్టోబరు 21వ తేదీ రాత్రి ప్రజలు తమ తమ యిండ్ల దీపములనే స్వయముగా తగ్గించుకొనిరి. దీపము లాఱెను గాని ప్రవాహ మాగలేదు. చిన్నభాగ మొకటి తాను తగ్గి మొత్తమును నిలుపవచ్చునని జీవితమంతయు జూపినవానికి ఇంతకన్న దగిన నివాళి యేమున్నది?