తూటాల లెక్క

అల్లూరి సీతారామరాజు అనగానే మనకి విల్లు, బాణం గుర్తొస్తాయి. కానీ ఆయనకి అసలు సమస్య తూటాలు. మన్యంలో అవి తయారు కావు కదా! అందుకే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడ్డారు. 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దొరికాయి. తీసుకున్నవి రికార్డులో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లారు.

భాగించి చూడండి, తుపాకీకి వంద కూడా రావు. సర్కారుకి ఆ లోటు లేదు. అందుకే ఎదురుపడకుండా మాటు వేసేవారు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు తెల్ల అధికారులు అలాగే చనిపోయారు. అక్టోబర్‌లో అడ్డతీగల వెళ్తే ఆయుధాలు దొరకలేదు.

1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని పట్టుకుని, విచారణ లేకుండానే కాల్చేశారు. అప్పటికి 27 ఏళ్లు కూడా నిండలేదు.