కథలకెక్కిన తండ్రీకూతుళ్లు
(విలియం ఎర్నెస్ట్ హెన్లీ చరిత్రము)

బాలుర నిమిత్తము వ్రాయబడిన సాహసకథలలో ట్రెజర్ ఐలండ్ అను ఆంగ్లనవలకు మిక్కిలి ప్రసిద్ధి గలదు. నండూరి రామమోహనరావుగారు దానిని కాంచనద్వీపము అను పేర తెనిగించుటచే మన బాలురకును అది పరిచితమైనది. అందు లాంగ్ జాన్ సిల్వరు అను ఓడదొంగ యొకడు గలడు. వానికి ఎడమకాలు తొడ మొదలంట లేదు. అయినను చంకకఱ్ఱ యూతగా ఓడపై తొట్రుపాటు లేక తిరుగును. భుజమున చిలుక, నోట తీయని పలుకు, ఎదలో కపటము. చదువు బాలుడు వానికి భయపడును. భయపడుచునే వానిని ప్రేమించును.

ఈ పాత్ర కేవలము కల్పితము కాదు. దీనికి మూలమైన మనుష్యుడు దొంగయు కాడు, నావికుడును కాడు. అతడు కవి, పత్రికాసంపాదకుడు. అతని పేరు విలియం ఎర్నెస్ట్ హెన్లీ.

హెన్లీ 1849వ సంవత్సరమున ఇంగ్లాండులోని గ్లాస్టర్ పట్టణమున జన్మించెను. తండ్రి పుస్తకవిక్రేత. సంతానము ఆరుగురు, వారిలో హెన్లీయే జ్యేష్ఠుడు. ఆ యింట పుస్తకములకు కొదువ లేదు, ధనమునకే కొదువ. పండ్రెండవ యేట బాలునికి ఎముకల క్షయ సోకెను. కొన్ని యేండ్లకు ఎడమకాలిని మోకాలి దిగువన తీసివేయవలసి వచ్చెను. పిదప వ్యాధి కుడిపాదమునకును ప్రాకగా, దానిని గూడ తీయక తప్పదని వైద్యులు చెప్పిరి. హెన్లీ సమ్మతింపలేదు. ఎడింబరో నగరమున జోసెఫ్ లిస్టరు అను శస్త్రవైద్యుడు కార్బాలిక్ ఆమ్లముతో గాయములను శుద్ధిచేసి, చీము పట్టకుండ మాన్పుచున్నాడని విని, 1873లో అచటికి పోయెను. ఆనాటి వైద్యులలో పెక్కురకు ఆ పద్ధతిపై ఇంకను నమ్మకము కుదరలేదు. ఇంచుమించు ఇరువది మాసములు ఆసుపత్రిలో గడచెను. పాదము దక్కెను.

ఆ మంచము మీదనే అతడు పరభాషలు నేర్చెను. ఆసుపత్రి జీవితమును గూర్చి పద్యములు వ్రాసెను. తరువాత ఇన్విక్టస్ అను పేర లోకప్రసిద్ధమైన గీతము 1875 నాటిదే. అష్టావక్రుని వంకరలను చూచి నవ్విన జనకుని సభ తుదకు అతని వాక్కునకు తలయొగ్గినట్లు, ఈతని అవిటితనము చూచి జాలిపడ వచ్చినవారు ఈతని మాటలకు ముగ్ధులై మరలుచుండిరి.

అట్లు వచ్చినవారిలో రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఒకడు. 1875లో లెస్లీ స్టీఫెన్ అను సంపాదకుడు అతనిని హెన్లీ పడక యొద్దకు తోడ్కొని వచ్చెను. స్టీవెన్సన్ కూడ రోగపీడితుడే. ఇరువురకును స్నేహము కుదిరెను. కలిసి నాటకములు వ్రాసిరి.

1881 వేసవిలో స్కాట్లండులోని బ్రేమార్ గ్రామమున వాన విడువక కురియుచుండెను. స్టీవెన్సన్ తన భార్య పూర్వవివాహమున కనిన కుమారుడగు లాయిడ్‌తో ప్రొద్దుపుచ్చుచు, రంగులతో నొక ద్వీపపు పటము గీసెను. ఆ పటమే కథగా పెరిగెను. అది యంగ్ ఫోక్స్ అను పత్రికలో వెలువడెను. పుస్తకరూపమున 1883లో కాసెల్ సంస్థ ప్రకటించెను. ఆ సంస్థ కళాపత్రికకు సంపాదకుడుగా నుండి, పుస్తకమును వారికి కుదిర్చినవాడు హెన్లీయే. రచయితకు నూరు పౌనులు లభించెను. ఆ యేడే స్టీవెన్సన్ లేఖ వ్రాసి, మిత్రుని అవిటితనములోని బలమును, అధికారమును చూచియే సిల్వరును కల్పించితినని ఒప్పుకొనెను. మిత్రుని సుగుణములలో శ్రేష్ఠమైనవానిని తీసివేసి, బలము, ధైర్యము, చురుకుదనము, కలుపుగోలుతనము మాత్రము మిగిల్చి, వానిని మోటు నావికునకు తొడిగితినని తరువాత 1894లో వెల్లడించెను.

కాని స్నేహము అంతకాలము నిలువలేదు. 1888లో స్టీవెన్సన్ భార్య ఫానీ ఒక కథ ప్రకటింపగా, అది స్టీవెన్సన్ జ్ఞాతిసోదరి వ్రాసిన కథను పోలియున్నదని హెన్లీ లేఖలో సూచించెను. స్టీవెన్సన్ మనసు విరిగెను, మరల అతుకలేదు. హెన్లీ వాక్కు పదునైనది. ఆ పదును స్నేహమును గూడ కోసెను.

ఆ 1888లోనే హెన్లీకి ఏకైక సంతానముగ మార్గరెట్ జన్మించెను. తండ్రి మిత్రుడగు జేమ్స్ బారీ ఆ బిడ్డకును మిత్రుడే. ఆమె అతనిని ఫ్రెండీ అని పిలువబోయి, రేఫము పలుకలేక ఫ్వెండీ యనియు, ఫ్వెండీ వెండీ యనియు ముద్దుగా పిలిచెడిది. 1894 ఫిబ్రవరిలో మెదడుపొరల వాపుచే ఆ బిడ్డ అయిదవ యేటనే మరణించెను. ఆ డిసెంబరులోనే స్టీవెన్సన్ దూరమందలి సమోవా ద్వీపమున కన్నుమూసెను. కాలు పోయిననాడు చెదరని హెన్లీ బిడ్డ పోయిన పిదప ముందటి మనుష్యుడు కాలేదు. 1901లో స్టీవెన్సన్ జీవితచరిత్రను సమీక్షించుచు, గతించిన మిత్రునిపై కఠినముగా వ్రాసి పలువురచే నిందింపబడెను. 1903 జులైలో మరణించెను. అతని చితాభస్మమును బెడ్‌ఫర్డ్ మండలములోని కాకేన్ హాట్లీ గ్రామమున కూతురి సమాధిలోనే చేర్చిరి.

మరుసటి యేడు, 1904 డిసెంబరులో, బారీ రచించిన పీటర్ పాన్ నాటకము లండనులో ప్రదర్శింపబడెను. అందలి బాలికకు వెండీ యని పేరు. అంతకుముందు అరుదుగా వినబడిన ఆ పేరు తరువాత వేలకొలది బాలికలకు పెట్టబడెను. ఆ కథలోనే హుక్ అను ఓడదొంగ క్రౌర్యమును వర్ణించుచు, సిల్వరు సయితము అతనికి వెఱచెనని బారీ చెప్పెను. అట్లు తండ్రి ఛాయయు కూతురి పలుకును ఒక్క పుస్తకమున చేరినవి. సిల్వరు, వెండీ అను ఈ రెండు పేర్లును తెలుగు చెవికి రజతమునే స్ఫురింపజేయుట కాకతాళీయము.

కథలో మూలపురుషుని జీవితమంతయు ఇమిడి యుండదు. హెన్లీ నుండి సిల్వరు బలమును గైకొనెను గాని, బిడ్డకై కుమిలిన హృదయమును గైకొనలేదు. మార్గరెట్ నుండి నిలిచినది ఒక తొక్కుపలుకు మాత్రమే. బాలురు ఆ రెండు పుస్తకములను చదివి నవ్వునపుడును, భయపడునపుడును, వాని వెనుక బ్రదికిన ఈ తండ్రిని, ఈ బిడ్డను ఒక్కమారు స్మరించుట ధర్మము.